బేరంలో ధర్మమెంత?

బేరమాడటం ఆడవాళ్ళకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య అని మగవాళ్ళు ఎగతాళి చేస్తూంటారు. కొత్తిమీర కట్ట దగ్గర రెండు రూపాయల కోసం పావుగంట నిలబడతామట. చీరెల కొట్లో యాభై చీరెలు విప్పించి, చివరికి మొదటి చీరెకే సగం ధర అడుగుతామట. సరే, ఒప్పుకుందాం. మరి ఇంత విద్య తెలిసినవాళ్ళం గదా, ఇంట్లో లక్షల బేరం వచ్చేసరికి "నువ్వు మాట్లాడకు, నేను చూసుకుంటా" అంటారెందుకో! పోనీ, ఆ చూసుకునే పెద్దమనిషి ఏం చేస్తాడయ్యా అంటే, కార్ల షోరూములో చల్లగాలి కింద మెత్తటి కుర్చీలో కూచుని, వాళ్ళిచ్చిన కాఫీ తాగి, వాళ్ళు చూపించిన చోటల్లా సంతకం పెట్టి వస్తాడు. అంతమంది ముందు ధర తగ్గించమని అడగడానికి ఆయనకు మొహమాటం. అయిదు రూపాయల దగ్గర లేని మొహమాటం అయిదు వేల దగ్గర ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈ ప్రశ్న నన్ను కొన్నాళ్ళుగా తొలుస్తోంది. పైకి చిన్నదిగా కనిపిస్తుంది గానీ లోపల ఓ ధర్మసందేహం ఉంది. అసలు న్యాయమైన ధర అంటే ఏమిటి? ఎవరితో ఎంతవరకు బేరమాడవచ్చు? అవతలివాడికి తెలియని సంగతి మనకు తెలిస్తే అది మన తెలివి కింద లెక్కా, వాడికి మనం చేసే అన్యాయం కిందా?

మా ఇచ్చోడ పెద్ద ఊరేం కాదు. నాగపూరుకు పోయే పెద్ద రోడ్డు, అదే ఒకప్పటి 7వ నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి, మీద ఆదిలాబాదుకూ నిర్మల్‌కూ నడుమ ఉంటుంది. అంగడి రోజున మాత్రం చూడాలి. చుట్టుపక్కల గూడేల నుంచి గోండులు, కొలాములు, తండాల నుంచి లంబాడీలు, మరాఠీ మాట్లాడేవాళ్ళు, మనవాళ్ళు, అందరూ ఒక్కచోట చేరతారు. ఒకే బేరం మూడు భాషల్లో నడుస్తుంది. సీతాఫలాల కాలంలో గంప ముందు కూచున్న అమ్మ దగ్గరికి వెళ్ళి "ఎంతమ్మా?" అంటే ఓ ధర చెబుతుంది. మనం సగం అంటాం. "గంతకు రాదక్కా, పొద్దుగాల నుంచి బోణీ గాలే" అంటుంది. మనం రెండడుగులు వేస్తాం. "ఆగక్కా, తీస్కపో" అంటుంది. తూకం అయ్యాక మనం ఇంకో కాయ అందుకుంటాం. దాని పేరే కొసరు. అసలు కంటే కొసరు ముద్దని ఊరికే అన్నారా!

ఈ బేరంలో దాపరికం లేదని మనకు మనం చెప్పుకుంటాం. కాయ కళ్ళెదుట ఉంది, ధర నోటిమీద ఉంది, పక్క గంప నాలుగడుగుల్లోనే ఉంది. నిజమే. కానీ ఓ సంగతి మనం లెక్కలోకి తీసుకోం. ఆ అమ్మకు పొద్దు గూకకముందే ఊరు చేరాలి. పండిన కాయ రేపటిదాకా ఆగదు. మన ఇంట్లో సీతాఫలం లేకపోతే ఎవరికీ ఏమీ కాదు. అందుకే సాయంత్రం నాలుగు దాటాక ధరలు దిగుతాయి, మనమూ సరిగ్గా నాలుగు దాటాకే సంచీ పట్టుకుని బయల్దేరతాం. మనం గెలిచేది మాటకారితనంతో అనుకుంటాం గానీ, నిజానికి గెలిపించేది ఆమె ఆఖరి ఆటో.

ఇక షోరూము సంగతి. మా పక్కింటి టీచరమ్మ కిందటేడు కారు కొన్నది. ఇంట్లో వాళ్ళాయన ఉన్నా, డబ్బు తన జీతంలోది, అప్పు తన పేరు మీదిది. అందుకని ఇద్దరూ వెళ్ళారు. సెప్టెంబరు 22, 2025 నుంచి చిన్నకార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది గదా, అప్పుడే కొందామని ఆగి ఆగి వెళ్ళారు. కారు ధర 7 లక్షలు. చేతికిచ్చిన కాగితం మీద చివరి అంకె మాత్రం 8 లక్షల 93 వేల చిల్లర! "ఆన్‌రోడ్ మేడం" అన్నాడా కుర్రాడు. ఆ ఒక్క మాటలో లక్షా తొంభై మూడు వేలు ఇమిడిపోయాయి.

టీచరమ్మ లెక్కల మేడం. కాగితాన్ని ఇంటికి తెచ్చి నా ముందు పరిచింది. మనలాంటివాళ్ళకు పనికొచ్చే సంగతి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. ఈ అంకెలన్నీ ఒక జాతివి కావు. కొన్ని సర్కారువి. లైఫ్ టాక్సు మన రాష్ట్రంలో 2022లో సవరించిన లెక్క ప్రకారం 5 లక్షలు దాటి 10 లక్షల లోపు కారుకు 14 శాతం, అంటే 98 వేలు. దీంతో బేరం లేదు, షోరూమువాడికీ లేదు. ఇన్సూరెన్సు ఉంది. కొత్త కారుకు ఎదుటివాళ్ళ నష్టానికి సంబంధించిన బీమా మూడేళ్ళకు ఒకేసారి కట్టాలని 2018 సెప్టెంబరు నుంచి నిబంధన. కట్టక తప్పదు. కానీ ఎవరి దగ్గర కట్టాలన్నది మన ఇష్టం. కాగితంలో వేసింది 46 వేలు. ఆవిడ బయట విచారిస్తే అవే రక్షణలతో 33 వేలకు వచ్చింది. ఆ తర్వాత "హ్యాండ్లింగ్" అని 9,500. ఏమిటయ్యా అది అంటే, బండిని గోదాము నుంచి షోరూముకు తెచ్చిన ఖర్చట! అమ్మే సరుకు కొట్టుకు తెచ్చుకున్న కూలి కొనేవాడి నెత్తిన వేయడం బియ్యం కొట్లో నేనైతే చూడలేదు. ఇంకా సీటు కవర్లూ, చాపలూ, పైపూతలూ కలిపి యాక్సెసరీలు 24 వేలు. అదనపు వారంటీ 14 వేలు. రిజిస్ట్రేషనూ, టోలు స్టిక్కరూ, అవీ ఇవీ కలిపి మరో రెండు వేలు.

మర్నాడు మళ్ళీ వెళ్ళారు. అన్నట్టు ఇక్కడో విశేషం. మొదటిరోజంతా ఆ కుర్రాడు వాళ్ళాయన వైపు తిరిగే మాట్లాడాడట. ఇంజను గురించీ, మైలేజీ గురించీ, అప్పు గురించీ అన్నీ "సార్, సార్". మేడం వైపు తిరిగింది ఒక్కసారే, రంగు ఏది కావాలని అడగడానికి. రెండోరోజు మేడం కాగితం తీసి వరసకో గీత పెడుతూ వచ్చేసరికి కుర్చీ తిప్పుకున్నాడు. ఇన్సూరెన్సు బయట, హ్యాండ్లింగ్ కొట్టివేత, చాపలు తప్ప మిగతావి వద్దు, వారంటీ ఉంచుకుంటాం. అన్నీ కలిపి 42,500 తగ్గింది. ఆఖరున ఆవిడ "ప్రభుత్వ ఉద్యోగులకు ఏమైనా తగ్గింపు ఉందా?" అని అడిగింది. "ఉంది మేడం, అయిదు వేలు."

"మరి నిన్న చెప్పలేదేం?"

"మీరు అడగలే గదా మేడం."

ఈ జవాబు నాకు భలే నచ్చింది. వాడు అబద్ధం ఆడలేదు. అడగని ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు, అంతే. అది తప్పా? ఈ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి ఉంచండి, మళ్ళీ వద్దాం.

కుర్చీ ఎటు తిరిగిందన్నది మన ఊరి ముచ్చటే అనుకోకండి. అమెరికాలో ఇయన్ ఎయిర్స్ అనే లా ప్రొఫెసరు షికాగో ప్రాంతంలో ఓ పరీక్ష పెట్టాడు. తెల్లవాళ్ళనూ నల్లవాళ్ళనూ, ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ తయారుచేసి, అందరికీ ఒకే మాటలు, ఒకే తీరు బేరం నేర్పి, కార్ల షోరూములకు పంపించాడు. 1991లో ఫలితాలు అచ్చయ్యాయి. తెల్ల మగవాడి దగ్గర డీలరు ఎంత లాభం వేసుకున్నాడో, తెల్ల ఆడమనిషి దగ్గర దానికి 40 శాతం ఎక్కువ వేసుకున్నాడు. నల్ల మగవాడి దగ్గర రెట్టింపు పైన. నల్ల ఆడమనిషి దగ్గర మూడు రెట్ల పైన! కారు అదే, చక్రాలు అవే నాలుగు. ధర కాగితం మీద మాత్రం ఎదురుగా కూచున్న మనిషి మొహం కూడా అచ్చయింది.

అలాంటప్పుడు బేరమే లేకుండా చేస్తే పోదా, అందరికీ ఒకే ధర అంటే పోదా అని మీరనవచ్చు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో క్వేకర్లు అనే మతశాఖవాళ్ళు ఈ మాటే అన్నారు. ధర ఒకటే చెప్పాలి, చిన్నపిల్లవాడు వచ్చినా పెద్దవాడు వచ్చినా అదే ధరకు ఇవ్వాలి. ఒకటి చెప్పి వేరొకదానికి ఇవ్వడం అబద్ధమాడటంతో సమానం అన్నారు. పిల్లవాణ్ణి కొట్టుకు పంపినా భయం లేదని ఊరి తల్లులు ఎంత సంతోషించి ఉంటారో! మన కౌటిల్యుడు ఇంకా ముందే లెక్కకట్టి పెట్టాడు. అర్థశాస్త్రంలో స్వదేశీ సరుకు మీద వర్తకుడికి నూటికి అయిదు, పరదేశీ సరుకు మీద నూటికి పది లాభం అన్నాడు. దాటితే జరిమానా.

మన దేశంలో కార్లకే ఆ ముచ్చట జరిగింది. 1969లో కేంద్ర ప్రభుత్వం కార్ల ధరలు తానే నిర్ణయిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అప్పుడు ఉన్నవల్లా అంబాసిడరు, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. తయారీదార్లు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. న్యాయమైన ధర ఎంతో తేల్చడానికి కమిషన్ కూచుంది. ఇనుము ఎంత, కూలి ఎంత, పెట్టుబడి మీద రాబడి ఎంత ఉండాలి అని తర్జనభర్జనలు పడి, 1971లో తీర్పు వచ్చేదాకా సాగింది. అంతటి పెద్దలకే అంత కాలం పట్టిందంటే, షోరూములో కాఫీ చల్లారేలోగా మనం తేల్చగలమా!

ధర కట్టేసినంత మాత్రాన న్యాయం వచ్చిందా అంటే, దాని స్థానంలో క్యూ వచ్చింది. కారు కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూపులు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు దాని ధర ఇంచుమించు యాభై వేలు. ముందుగా డబ్బు కట్టి పేరు రాయించుకుని కూచోవాలి. తమ వంతు వచ్చినవాళ్ళలో కొందరు ఆ బండిని అక్కడికక్కడే పై ధరకు అమ్ముకుని సొమ్ము చేసుకున్నారు. అందుకని ధరకు తాళం వేస్తే చాలు ధర్మం నిలుస్తుందన్న మాట నేను ఒప్పుకోను. తలుపుకు తాళం వేస్తే బేరం కిటికీలోంచి దూరింది.

నా మట్టుకు నాకు తోచింది ఇది. ధర ఎక్కువా తక్కువా అన్నది తర్వాతి మాట. ముందు చూడవలసింది, ఆ ధరలో ప్రతి పైసా ఎందుకో అమ్మేవాడు నలుగురి ముందూ నోరు తెరిచి చెప్పగలడా లేదా అని. షోరూముకు అద్దె ఉంది, దీపాలున్నాయి, ఆ కుర్రాడి జీతం ఉంది. అవి మనం ఇవ్వవలసినవే. అవన్నీ కారు ధరలో ఉన్నాయని చెప్పి తీసుకుంటే ఎవరూ కాదనరు. ధర బోర్డు మీద తగ్గించి రాసి, ఇన్సూరెన్సు మడతలోనో, అర్థంకాని ఇంగ్లీషు మాట చాటునో రాబడితే మాత్రం, అది మనకు తెలియకపోవడం మీద వేసిన పన్ను. అది ఎవరి మీద ఎక్కువ పడుతుందో చెప్పనక్కర్లేదు. లెక్కల మేడం మీద పడదు.

ఎవరి మీద పడుతుందో మా ఊళ్ళో రోజూ చూస్తూనే ఉన్నాను. ఇటువైపంతా పత్తి. ఏడాదంతా చాకిరీ చేసి తెచ్చిన పత్తిలోకి మార్కెట్‌యార్డులో ఓ మిషను గుచ్చుతారు. తేమ 8 శాతం దాటితే దాటిన ఒక్కో శాతానికీ ధరలో ఒక్కో శాతం కోత. 12 దాటితే కాటన్ కార్పొరేషన్ కొననే కొనదు. 2025-26 పంటకు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలని కాగితం మీద ఉంది. కానీ మంచు కురిసే పొద్దున ఆ మిషను ఏ అంకె చూపిస్తే అదే రైతు ధర. దాన్ని అవతల పెడితే అడ్తిదారు తగ్గించి అడుగుతాడు. రైతు "ఇంకొంచెం చూడు సేటూ" అంటాడు, సేటు చూడడు. అమ్మేచోట ధర ఇంకొకరు చెబుతారు. ఆ డబ్బుతోనే అప్పు తీర్చి, మిగిలినదాంతో మోటారుసైకిలో, ట్రాక్టరో, రెండు మంచి పంటలు వస్తే సెకండ్‌హాండు కారో కొనబోతాడు. అక్కడా ధర ఇంకొకరే చెబుతారు. ఈ రెండింటి మధ్యా ఆయన నోరు తెరిచి బేరమాడగలిగేది ఎక్కడ? అంగడిలో, సీతాఫలాల గంప దగ్గర. మనమూ అంతే గదూ! బలవంతుడి దగ్గర మిగల్చలేని డబ్బు బలహీనుడి దగ్గర మిగల్చుకుంటున్నాం. మొదట్లో నన్ను తొలిచిన మొహమాటం సంగతి ఇదే అనుకుంటాను. అయిదు వేల దగ్గర మనకు వచ్చేది మర్యాదా కాదు, సిగ్గూ కాదు. ఎదుటివాడు కాదంటాడేమోనన్న బెరుకు. గంప దగ్గర ఆ బెరుకుండదు.

అలాగని కూరగాయల దగ్గర బేరం మానేయమని చెప్పను. మానితే ఆ అమ్మకే తోచదు. ఆ నాలుగు మాటలూ ఆవిడకూ కాలక్షేపమే. సాయంత్రం నాలుగు దాటాక మాత్రం నేను మొదట చెప్పిన ధరకే తీసుకుంటాను. కొసరు కాయ వదులుకోను సుమండీ!

ఆ షోరూము కుర్రాడి మాట కూడా చెప్పాలి. టీచరమ్మ ఇన్సూరెన్సు బయట కడతాననేసరికి వాడి మొహం వాడిపోయిందట. "ఇన్సూరెన్సన్నా మా దగ్గర తీస్కోండి మేడం, నా టార్గెట్‌కు పనికొస్తది" అన్నాడట మెల్లిగా. వాడు ఎవరో ఊరి రైతు కొడుకే అయివుంటాడు. కారు అమ్మితే వాడికి వచ్చేది కొంచెం. పక్కసరుకులు అంటగడితేనే నెలాఖరుకు నాలుగు డబ్బులు. వాణ్ణి చూసి జాలిపడి 13 వేలు ఎక్కువ కట్టాలా? కట్టనక్కర్లేదనే నేనంటాను. ఆ 13 వేలలో వాడికి దక్కేదెంత గనక! వాడి పేరు చెప్పుకుని తినేవాళ్ళు వేరే ఉన్నారు. టీచరమ్మ మటుకు ఇద్దరు సహోద్యోగులను వాడి దగ్గరికే పంపించింది, గీతలు పెట్టిన కాగితం చేతికిచ్చి మరీ.

ఇప్పుడు పక్కన పెట్టమన్న ప్రశ్న. "మీరు అడగలే గదా" అన్నది తప్పా? ఇది రెండు వేల ఏళ్ళ నాటి పేచీ. రోము నగరపు సిసిరో క్రీస్తుపూర్వం 44లో తన కొడుక్కి కర్తవ్యాలను గురించి ఓ పుస్తకం రాశాడు. అందులో ఓ కథ ఉంది. రోడ్సు ద్వీపంలో కరువు. ఓ వర్తకుడు అలెగ్జాండ్రియా నుంచి ధాన్యం ఓడతో వచ్చాడు. వెనకాలే ఇంకా చాలా ఓడలు వస్తున్నాయని వాడికి తెలుసు, ఊరివాళ్ళకు తెలియదు. చెబితే ధర పడిపోతుంది. చెప్పాలా, వద్దా? ఇద్దరు తత్వవేత్తలు వాదులాడారు. డయోజనీస్ అన్నాడు: సరుకులో లోపం ఉంటే చట్టం చెప్పమన్నంతవరకు చెప్పాలి, అబద్ధం ఆడకూడదు, అంతకుమించి నోరు విప్పనక్కర్లేదు, చెప్పకపోవడం దాచడం కాదు. యాంటిపేటర్ అన్నాడు: సాటి మనుషుల మేలు చూడవలసినవాడివి, వాళ్ళకు పనికొచ్చే మాట నీ లాభం కోసం కడుపులో ఎలా దాచుకుంటావు? ఆ తర్వాత లోపాలున్న ఇల్లు అమ్మే మనిషి మీద కూడా వాళ్ళిద్దరూ ఇలాగే తగువులాడారు. సిసిరో మొగ్గు యాంటిపేటర్ వైపే, చెప్పి తీరాలన్నాడు.

వినడానికి బాగానే ఉంటుంది. ధాన్యం వర్తకుడు మనం కానంతసేపూ అందరం యాంటిపేటర్ పక్షమే. కొత్త కారు కొన్న టీచరమ్మ ఇంట్లో పాత కారు ఉంది మరి. పదకొండేళ్ళది. షోరూములో మార్పిడికి ఇస్తే మరీ తక్కువ చెప్పారని, బయట అమ్మకానికి పెట్టారు. బండి బాగానే నడుస్తుంది. ఒక్కటే లోపం. వెనక ఎడమవైపు తలుపు రబ్బరు ఎక్కడో పోయి, గట్టి వాన పడితే నీళ్ళు లోపలికి దిగుతాయి. రెండుసార్లు బాగు చేయించినా కుదరలేదు. అమ్మేది మండుటెండల్లో. కొనవచ్చినవాడు ఇచ్చోడ పక్క పల్లెవాడే, పత్తి రైతు. చుట్టూ తిరిగి చూశాడు, స్టార్టు చేశాడు, టైర్లు తన్ని చూశాడు. ధర కుదిరింది. బయానా డబ్బు చేతిలో పెట్టబోతూండగా టీచరమ్మ "బాపూ, ఆగు" అని వానసంగతి చెప్పేసింది. అతను ఇంకోసారి ఆ తలుపు తీసి, వేసి, తీసి, వేసి, పదిహేను వేలు తగ్గించమన్నాడు. తగ్గించింది.

షోరూములో అంత కష్టపడి మిగిల్చిన దాంట్లో మూడో వంతు ఒక్క మాటతో పోయిందని వాళ్ళాయన ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు. ఆ మధ్య మా ఇంటికి టీకి వచ్చినప్పుడు కూడా ఆ ప్రస్తావన వచ్చింది. "దాచమని నేనన్ననా? అడిగితే నేనే చెప్పేవాణ్ణి. అతను అడగలే గదా!" అన్నారాయన. టీచరమ్మ బిస్కెట్ల ప్లేటు ఆయన ముందుకు జరిపి, ఆ షోరూము కుర్రాడికి ఫోన్ చేయవలసిన పని ఉందంటూ లేచింది. మొదటి సర్వీసు తేదీ అడగాలట.